సనదు లేని వైద్యం

(తిరువూరులో ముస్లిం కుటుంబాల ఆరోగ్య అవగాహన సభలో చేసిన ప్రసంగ పాఠం)



మన కుటుంబాల వాట్సాప్ గ్రూపులలో రోజూ తిరుగుతున్న వైద్య సలహాల గురించి మాట్లాడమని నిర్వాహకులు కోరారు. నేను వైద్యుణ్ణి కాను. ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా పనిచేసి విరమించినవాణ్ణి. కాబట్టి మీకు మందు చెప్పను. వచ్చిన కాగితాన్ని ఎలా పరిశీలించాలో మాత్రం చెప్పగలను. ఈ విషయంలో మనకు ముందుగా కావలసినది కూడా అదేనని నా అభిప్రాయం.

ఇనాం భూములు, వక్ఫు భూముల వ్యవహారాలు తెలిసినవారికి సన్నదు అనే మాట కొత్త కాదు. ఈ భూమి మాది అని ఎవరైనా వస్తే, సన్నదు చూపించండి అని అడుగుతారు. ఎవరు ఇచ్చారు, ఎప్పుడు ఇచ్చారు, ఏ అధికారంతో ఇచ్చారు అన్నది ఆ పత్రం చెప్పాలి. సంతకమూ చిరునామా లేని అర్జీ వస్తే దానిని ఆకాశరామన్న ఉత్తరం అంటారు. మసీదు స్థలం మీద ఎవరైనా ఆకాశరామన్న ఉత్తరం రాస్తే మనం ఊరుకోము. పేరు చెప్పమంటాము, ఆధారం చూపమంటాము. ఆరు గజాల స్థలం విషయంలో ఇంత జాగ్రత్త పడే మనం, కడుపులోకి పోసుకునే కషాయం విషయంలో ఆ ప్రశ్న ఎందుకు అడగటం లేదు?

మీ ఫోను తీసి చూడండి. ఉదయం ఒక సందేశం వస్తుంది: రాత్రి బెండకాయలు నానబెట్టిన నీళ్లు తాగితే ఇరవై రోజులలో షుగర్ పోతుంది. మధ్యాహ్నం మరొకటి: గుండెపోటు వస్తే గట్టిగా దగ్గండి, ప్రాణం నిలుస్తుంది. సాయంత్రం ఇంకొకటి: పక్షవాతం వస్తే వేళ్ల చివర సూదితో గుచ్చి రక్తం కార్చండి. వీటిని ఎవరు పంపారు? ఖాలా పంపింది, ఫుప్పూ పంపింది, గల్ఫ్‌లో ఉన్న తమ్ముడు పంపాడు. వారి మీద మనకున్న ప్రేమ ఆ సందేశం మీద నమ్మకంగా మారుతుంది. ఖాలాకు ఎవరు పంపారు? వారికి ఎవరు? ఆ గొలుసులో రెండు మూడు కడియాలు దాటితే ఎవరూ కనిపించరు. ఖాలా మంచిది. మొదట రాసినవాడు ఎవడో ఖాలాకు కూడా తెలియదు.

సందేశం పైన రెండు బాణాల గుర్తు ఉంటే, అది ఇప్పటికే ఎన్నో చేతులు మారి వచ్చినదని అర్థం. వదంతుల కారణంగా మన దేశంలో మూకదాడులు జరిగిన తరువాత 2018 జూలైలో వాట్సాప్ సంస్థ ఒక సందేశాన్ని ఒకేసారి 5 చోట్లకు మించి పంపకుండా కట్టడి చేసింది. కరోనా కాలంలో, 2020 ఏప్రిల్‌లో, ఎక్కువసార్లు చేతులు మారిన సందేశాన్ని ఒకసారికి ఒక్క చోటికే పంపేలా మార్చింది. చేతులు ఎక్కువ మారినంత మాత్రాన సందేశం సత్యం కాదని ఆ సంస్థే గుర్తించినట్లయింది. మనమేమో ఇందరు పంపుతున్నారు కనుక ఇందులో ఏదో ఉండే ఉంటుందని అనుకుంటున్నాము.

దీని ఫలితం ఎలా ఉంటుందో మన రాష్ట్రమే చూసింది. 2020 ఏప్రిల్‌లో చిత్తూరు జిల్లా బైరెడ్డిపల్లె మండలంలో ఉమ్మెత్త కాయల రసం తాగి పది మందికి పైగా ఆసుపత్రి పాలయ్యారు. ఆ కాయ ఆకారం కరోనా క్రిమి బొమ్మను పోలి ఉన్నది కనుక దాని రసం ఆ వ్యాధిని అడ్డుకుంటుందని టిక్‌టాక్ వీడియోలో చూసి వారు నమ్మారు. ఉమ్మెత్త విషమని పల్లెలో పసిపిల్లవాడికి కూడా తెలుసు. నోరు ఎండిపోవడం, కంటిపాపలు పెద్దవి కావడం, మతి చలించడం, గుండె వేగం పెరగడం దాని లక్షణాలు. తరతరాల జ్ఞానాన్ని రెండు నిమిషాల వీడియో ఓడించింది. అదే సంవత్సరం ఇరాన్‌లో, మద్యం తాగితే కరోనా రాదన్న వదంతి నమ్మి, కల్తీ సారాలోని మిథనాల్ వల్ల వందల మంది చనిపోయారు. మద్యం నిషిద్ధమైన దేశంలో కూడా భయం ఆ పని చేయించింది.

2021 మే నెలలో నెల్లూరు జిల్లా కృష్ణపట్నానికి వేలాదిగా జనం తరలివెళ్లిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. అక్కడ కంటిలో చుక్కలు వేయించుకుని కోలుకున్నానని ఒక పెద్దాయన చెప్పిన వీడియో రాష్ట్రమంతా తిరిగింది. కొద్ది రోజులకే ఆయన ఆసుపత్రిలో కన్నుమూశారు. ఆ మరణవార్త వీడియో వెళ్లిన ప్రతి ఫోనుకూ వెళ్లలేదు. ప్రభుత్వం ఆ మందులను పరిశీలన చేయించి, మే 31న కంటి చుక్కలు తప్ప మిగిలిన వాటికి అనుమతి ఇచ్చింది. నేను ఇక్కడ ఆ మందు మంచిచెడ్డలు తేల్చడం లేదు. ఒక్కటే గమనించమంటున్నాను. బాగుపడ్డామన్నవారి మాట ప్రయాణం చేస్తుంది, బాగుపడనివారి మాట ఇంటిలోనే మిగిలిపోతుంది. అందుకే ఒకరిద్దరి అనుభవం సాక్ష్యంగా చాలదు.

ఇదంతా విని, ఇతను పాత వైద్యాన్ని తక్కువ చేస్తున్నాడని ఎవరూ అనుకోవద్దు. యూనానీ వైద్యం మన వారసత్వం. హైదరాబాదులో చార్మినార్ దగ్గరి నిజామియా ఆసుపత్రి, కర్నూలులోని డాక్టర్ అబ్దుల్ హఖ్ యూనానీ వైద్య కళాశాల ఈనాటికీ సేవ చేస్తున్నాయి. అక్కడ కూర్చునే హకీం చదువుకున్నవాడు, పేరు నమోదు చేసుకున్నవాడు, ఇచ్చిన మందుకు జవాబుదారీ. ఇంకొక గొప్ప ఉదాహరణ వినండి. జాతీయోద్యమ నాయకుడు, మహా వైద్యుడు హకీం అజ్మల్ ఖాన్ తన వైద్యంలోని మూలికలను కొత్త విజ్ఞానంతో పరీక్షించాలని కోరుకున్నారు. ఆయన ప్రోత్సాహంతో ఆ మార్గంలోకి వచ్చిన రసాయన శాస్త్రవేత్త సలీముజ్జమాన్ సిద్దిఖీ 1931లో సర్పగంధ వేరు నుండి ఒక పదార్థాన్ని వేరుచేసి, దానికి హకీం గారి పేరిట అజ్మలీన్ అని నామకరణం చేశారు. గుండె లయకు సంబంధించిన వైద్యంలో అది చోటు సంపాదించింది. మన పెద్దలు తమ మందును పరీక్షకు పెట్టడానికి వెనుకాడలేదు. పరీక్ష అనగానే ధర్మానికి అవమానం జరిగినట్లు భావించే ధోరణి వారి నుండి వచ్చినది కాదు.

ఇంటి చిట్కాలన్నీ ఒకే కోవకు చెందవు. వాటిని మూడు రకాలుగా విడదీసి చూద్దాం.

మొదటి రకం మేలు చేసేవి, లేదా కీడు చేయనివి. జలుబుకు అల్లం టీ, గొంతు నొప్పికి ఉప్పునీటి పుక్కిలింత, అజీర్తికి వాము. విరేచనాలైన పిల్లవాడికి గంజి, ఓఆర్ఎస్ ఇవ్వడం ప్రాణం నిలిపే పని. దీనిని దాదీలు, నానీలు చెప్పవచ్చు, మనం వినవచ్చు. పిల్లవాడు నీరసించి కళ్లు లోతుకు పోతే, మూత్రం ఆగితే మాత్రం వెంటనే ఆసుపత్రికి పోవాలి.

రెండవ రకం తమంతట తాము విషం కాకపోయినా సమయాన్ని తినేసేవి. పక్షవాతం సంగతి తీసుకోండి. మూతి వంకర పోవడం, ఒక చెయ్యి పడిపోవడం, మాట తడబడటం కనిపించిన క్షణం నుండి గడియారం నడుస్తుంది. మెదడులో గడ్డకట్టిన రక్తాన్ని కరిగించే సూదిమందు సాధారణంగా నాలుగున్నర గంటలలోపే ఇవ్వాలి. తిరువూరు నుండి విజయవాడ చేరడానికే రెండు గంటల దాకా పడుతుంది. ఆ తరువాత స్కానింగు తీయాలి. వేళ్లకు సూదులు గుచ్చుతూ, కాళ్లకు నూనె రాస్తూ ఇంటిలో ఒక గంట గడిపితే, ఒక మనిషి జీవితాంతం మంచం పట్టడానికి ఆ గంట చాలు. గుండెనొప్పికి దగ్గడం కూడా ఇటువంటిదే. ఛాతీలో బరువు, చెమట, ఎడమ చేతికి లాగుడు వస్తే 108కి ఫోను చేయాలి.

మూడవ రకం నేరుగా హాని చేసేవి. వీటిలో కొన్ని మన ఇళ్లలో ఆచారాలతో కలిసిపోయి ఉన్నాయి కనుక నొచ్చుకోకుండా వినమని ప్రార్థన. పుట్టిన బిడ్డ నోటిలో తేనె పెట్టడం మనలో చాలామందికి అలవాటు. ఏడాది నిండని శిశువుకు తేనె ఇవ్వవద్దని పిల్లల వైద్యులు చెబుతారు. తేనెలో ఉండగల ఒక క్రిమి పెద్దలను ఏమీ చేయదు. పసిబిడ్డ పేగులలో మాత్రం అది విషాన్ని పుట్టించి కండరాలను చచ్చుబడేలా చేయగలదు. తహ్నీక్ చేయాలనుకున్నవారు తేనె జోలికి పోకుండా, ఎలా చేయాలో పిల్లల డాక్టరును అడిగి చేయండి. అలాగే పసివాళ్ల కళ్లకు పెట్టే సురమాలలో కొన్ని సీసపు ఖనిజంతో తయారవుతాయి. సీసం పిల్లల మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది. హిజామా చేయించుకునేవారు, బ్లేడు కొత్తదా, ఒక్కరికే వాడి పారేస్తున్నారా అని చూడకపోతే హెపటైటిస్ బి, సి వంటి వ్యాధులు రక్తం ద్వారా సోకుతాయి.

ఇక మూత్రపిండాల సంగతి. ఇది మన గడప దగ్గరి బాధ. విజయవాడ దారిలో ఉన్న ఎ.కొండూరు మండలం తండాలలో లంబాడా కుటుంబాలు ఏళ్ల తరబడి మూత్రపిండాల జబ్బుతో నలిగిపోతున్నాయి. మంచి నీటి కోసం, డయాలసిస్ కోసం వారు చేసిన పోరాటం మనకు తెలుసు. అటువంటి ప్రాంతంలో కిడ్నీలను కడిగే రసం అన్న సందేశం ఎంత ప్రమాదమో ఆలోచించండి. ఆరోగ్యవంతుడికి కొబ్బరినీళ్లు మంచివే. కిడ్నీలు దెబ్బతిన్నవాడికి వాటిలోని పొటాషియం గుండెనే ఆపవచ్చు. ఒళ్లు నొప్పులకు దుకాణంలో కొని రోజూ మింగే నొప్పి మాత్రలు కూడా కిడ్నీలను పాడు చేస్తాయి. మూలిక కదా, ఏమీ కాదులే అనుకునేవారు బెల్జియం దేశపు అనుభవం వినాలి. 1990ల ఆరంభంలో అక్కడ ఒళ్లు తగ్గడానికి మూలికల గుళికలు వాడిన స్త్రీలలో వంద మందికి పైగా మూత్రపిండాలు చెడిపోయాయి. ఆ గుళికలలో అరిస్టొలోకియా జాతి మొక్క కలిసినదని తరువాత తేలింది. అది కూడా ప్రకృతి ఇచ్చిన మొక్కే.

షుగర్ వ్యాధి ఉన్నవారికి ప్రత్యేకంగా ఒక మాట. కలౌంజీ గురించి హదీసులో ప్రస్తావన ఉన్నది. దానిని మనం గౌరవిస్తాము, వంటలో వాడుకుంటాము. అయితే ఇన్సులిన్ మానివేయమని ఏ హదీసులోనూ లేదు. ఆ మాట చేర్చినది సందేశం రాసిన ఆకాశరామన్న. రమజాన్ వచ్చేటప్పటికి ఇటువంటి సందేశాలు రెట్టింపవుతాయి. వ్యాధిగ్రస్తులకు ఉపవాసం నుండి మినహాయింపు ఖురాన్‌లోనే ఉన్నది. ఉపవాసం ఉండదలచినవారు నెల ముందే డాక్టరును కలిసి మందుల వేళలు, మోతాదులు మార్పించుకోవాలి. వేలి నుండి రక్తపు చుక్క తీసి షుగర్ చూసుకుంటే ఉపవాసం భంగం కాదని ఉలమాలో ఎక్కువమంది చెబుతారు. సందేహం ఉంటే మీ ఇమామును అడగండి, గ్రూపును అడగవద్దు.

సన్నదు అని ఇందాక అన్నాను. ఆ మాట మూలం అరబ్బీలోని సనద్. హదీసు శాస్త్రంలో సనద్ అంటే ఒక మాటను ఎవరి నుండి ఎవరు విన్నారో చెప్పే గొలుసు. మన పూర్వ పండితులు ఆ గొలుసులోని ఒక్కొక్క మనిషి నిజాయితీ, జ్ఞాపకశక్తి, ఎవరిని కలిశాడు, ఎవరిని కలవలేదు అన్నది విచారించడానికి అస్మా ఉర్ రిజాల్ అనే శాస్త్రాన్నే నిర్మించారు. ప్రవక్త సల్లల్లాహు అలైహి వసల్లం పేరుతో వచ్చిన మాటనే ఇంతగా పరిశీలించిన సమాజం మనది. వార్త వచ్చినప్పుడు విచారించి తెలుసుకోమని సూరా హుజురాత్ మనకు బోధిస్తున్నది. సాద్ బిన్ అబీ వఖ్ఖాస్ రజియల్లాహు అన్హు జబ్బుపడినప్పుడు, హారిస్ బిన్ కలదా అనే వైద్యుని దగ్గరకు వెళ్లమని ప్రవక్త సూచించినట్లు హదీసు గ్రంథాలలో ఉన్నది. వైద్యం తెలియకుండా వైద్యం చేసినవాడు కలిగిన నష్టానికి బాధ్యుడన్న సూత్రమూ అక్కడే ఉన్నది. మరి సందేశాన్ని వందమందికి పంపినవాడి బాధ్యత ఏమిటి? దీని మీద ఒక జుమా నాడు మాట్లాడవలసిందిగా ఇక్కడున్న ఉలమాను వినయంగా కోరుతున్నాను.

వదంతి ఒక సమాజాన్ని ఎలా గాయపరుస్తుందో మనకన్నా తెలిసినవారు లేరు. 2020లో నిజాముద్దీన్ మర్కజ్ సంఘటన తరువాత, గిన్నెలు నాకి శుభ్రం చేసే ఒక పాత వీడియోను తీసుకుని, ముస్లింలు కావాలనే కరోనా పంచుతున్నారని దేశమంతా తిప్పారు. పండ్ల బండి తోసుకునే పేదవాడి దగ్గర కొనడం మానేశారు. ఆ సంవత్సరం ఆగస్టులో బొంబాయి హైకోర్టు ఔరంగాబాద్ బెంచి విదేశీ తబ్లీగీల మీద కేసులను కొట్టివేస్తూ, వారిని బలిపశువులను చేశారని వ్యాఖ్యానించింది. న్యాయస్థానం మాట ఎన్ని ఫోనులకు చేరింది? ఆధారం లేని సందేశం పంపవద్దని ఆనాడు మనం లోకాన్ని అడిగాము. ఆ నియమం మన ఇంటి గ్రూపుకు కూడా వర్తిస్తేనే ఆ అడగడానికి బలం ఉంటుంది.

మనం మారగలమా అన్న సందేహం వద్దు. పోలియో చుక్కలు వేస్తే పిల్లలు పుట్టరన్న వదంతి ఒకప్పుడు ఉత్తరప్రదేశ్ ముస్లిం బస్తీలను పట్టుకున్నది. 2002లో దేశంలో 1,600 పోలియో కేసులు నమోదైతే, వాటిలో అధిక భాగం ఆ రాష్ట్రానివే. అప్పుడు అలీగఢ్ ముస్లిం విశ్వవిద్యాలయం, జామియా మిల్లియా, జామియా హమ్దర్ద్ ముందుకు వచ్చాయి. ఇమాములు మసీదు మైకులో ప్రకటించారు, బస్తీ స్త్రీలు ఇంటింటికీ తిరిగారు. 2011 జనవరిలో పశ్చిమ బెంగాల్‌లోని హౌరా జిల్లాలో నమోదైనదే దేశంలో సహజ పోలియో చివరి కేసు. 2014 మార్చి 27న ప్రపంచ ఆరోగ్య సంస్థ మన ప్రాంతాన్ని పోలియో రహితంగా ప్రకటించింది. వెక్కిరిస్తే ఆ పని జరిగేది కాదు. తమవారు వచ్చి తమ భాషలో చెబితే జరిగింది.

ఇప్పుడు రెండవ వైపు చూడాలి. మన స్త్రీలు ఈ చిట్కాలను ఎందుకు నమ్ముతున్నారు? చదువు లేకనే అనుకోవడం అన్యాయం. స్త్రీల బాధను మగ డాక్టరుకు చెప్పుకోలేని ఇల్లాలు ఉన్నది. ఒక పూట కూలి వదులుకుని వరుసలో నిలబడితే, రెండు నిమిషాలలో చీటీ రాసి పంపివేసిన అనుభవం ఉన్నది. బురఖా చూసి విసుక్కునే కౌంటరు ఉన్నది. ఫోను మాత్రం విసుక్కోదు, రుసుము అడగదు, అర్ధరాత్రి కూడా సమాధానం చెబుతుంది. ముస్లింలు ఎక్కువగా ఉన్న గ్రామాలలో వైద్య సదుపాయాల కొరతను 2006 నాటి సచార్ కమిటీ నివేదిక ఎత్తి చూపింది. వదంతిని ఆపమని ప్రజలకు చెప్పి, వైద్యాన్ని అందుబాటులోకి తెమ్మని ప్రభుత్వానికి చెప్పకపోతే సగం పనే చేసినవారమవుతాము.

అందుచేత నాలుగు కోరికలతో అర్జీ పెట్టుకుందాం. మన ప్రభుత్వ ఆసుపత్రిలో స్త్రీ వైద్యురాలు క్రమం తప్పకుండా అందుబాటులో ఉండాలి. షుగర్, బీపీ మందులు నెల మధ్యలో అయిపోకూడదు. క్రియాటినిన్ పరీక్ష ఇక్కడే జరగాలి. ఆరోగ్య సమాచారం తెలుగులోనూ ఉర్దూలోనూ, సంతకంతో, తేదీతో గోడ మీద ఉండాలి. డాక్టరు పోస్టులు ఎన్ని మంజూరయ్యాయి, ఎన్ని ఖాళీగా ఉన్నాయి అన్నది 2005 సమాచార హక్కు చట్టం కింద అడగవచ్చు. దరఖాస్తు రాయడం రానివారికి నేను రాసిపెడతాను. డబ్బు తీసుకుని షుగర్ లేదా క్యాన్సర్ నయం చేస్తామని ప్రకటించేవారి మీద 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం ఉన్నది. అటువంటి ప్రకటన వస్తే స్క్రీన్‌షాట్ తీసి ఔషధ నియంత్రణ అధికారులకు పంపండి.

చివరగా ఇంటి పని. గ్రూపులోకి వైద్య సందేశం రాగానే నాలుగు ప్రశ్నలు వేయండి. చెప్పినవారి పేరు, అర్హత ఉన్నాయా? ఏ జబ్బుకు, ఏ వయసువారికి, ఎంత మోతాదు అన్నది ఉన్నదా? డాక్టరు ఇచ్చిన మందు మానమంటున్నదా? పదిమందికి పంపమని ఒత్తిడి చేస్తున్నదా? మొదటి రెండింటికి లేదని, చివరి రెండింటికి ఉన్నదని జవాబు వస్తే అది ఆకాశరామన్న వైద్యమే. అక్కడే ఆపండి.

పిల్లలారా, మీకు ఒక మనవి. పెద్దవాళ్లు పంపిన సందేశం కింద అబద్ధం అని రాసి పదిమందిలో వారిని చిన్నబుచ్చవద్దు. ఖాలాకు విడిగా ఫోను చేయండి. ఖాలా, మా మీద ప్రేమతో పంపారు, కానీ అబ్బాకు కిడ్నీ జబ్బు ఉన్నది, ఇది ఆయనకు పడదని డాక్టరు అన్నారు, గ్రూపులో నుంచి మీరే తీసివేయండి అని చెప్పండి. ఆమె తీసివేస్తుంది. అంతేకాదు, రేపు మరొకటి వచ్చినప్పుడు ముందు మిమ్మల్నే అడుగుతుంది. బిరాదరీలో నర్సులు, ఫార్మసిస్టులు, ఏఎన్ఎంలు, వైద్యవిద్య చదువుతున్న ఆడపిల్లలు ఉన్నారు. ప్రతి కుటుంబ గ్రూపులో అటువంటి ఒకరిని చేర్చుకుని, వైద్య సందేశం ఏదైనా వారు చూసిన తరువాతే పంచుకోవాలని నియమం పెట్టుకోండి.

అర్జీ కాగితం ద్వారం దగ్గర బల్ల మీద ఉన్నది. వెళ్లేటప్పుడు చదివి, ఒప్పుకుంటే సంతకం పెట్టండి. పేరు, ఊరు, తేదీ మరువవద్దు.